మేక చెవిలో ఖాళీ గడి

ఈమధ్య కర్నూలులో ఒక కాలేజీ వాళ్లు నన్ను పిలిచి, కంప్యూటర్ బొమ్మలు నేర్చుకుంటున్న పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. శాలువా, పూలగుచ్ఛం, బల్ల మీద నీళ్ల సీసా, అన్నీ అమర్చారు. నన్ను పరిచయం చేసిన లెక్చరరు, "మన ఆడవాళ్లకు ముగ్గులు పుట్టుకతోనే వస్తాయి కదా, అందుకే మేడం గారికి పిక్సెల్ ఆర్టు అంత సులభంగా అబ్బింది" అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండింది. మైకు అందుకుని, నాకు ముగ్గు వేయడం రాదని, మా ఇంట్లో పండగ ముగ్గు మా ఆయనే వేసేవాడని చెప్పాను. హాలంతా నవ్వింది. లెక్చరరు కూడా నవ్వాడు. నేను నవ్వించడానికి చెప్పలేదు.

ఆ తర్వాత ఏం మాట్లాడానో నాకే గుర్తులేదు. ఇంటికి వచ్చి శాలువా మడతపెట్టి, అక్కడ చెప్పాల్సినవి రాయడం మొదలుపెట్టాను. ఈ పనిలోకి వచ్చే పిల్లలూ, చదివితే చదవండి. నా దగ్గర మంచి మాటలు తక్కువ. కోపం మాత్రం ఇంకా ఉంది.

అబ్బలేదు, నేర్చుకున్నాను

నా పేరు హైమావతి. మాది కడప. పెళ్లి శుభలేఖలు కంప్యూటరులో కూర్చే డీటీపీ సెంటరులో చాలా ఏళ్లు పనిచేశాను. పేర్లు టైపు చేయడం, మూలన వినాయకుణ్ణి పెట్టడం, చుట్టూ అంచు వేయడం, అంతే నా పని. మా ఆయనకు కర్నూలు బదిలీ అయింది. అప్పుడప్పుడే జనం చేతుల్లోకి రంగుల తెర ఫోన్లు వస్తున్నాయి. ఆ తెర అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది. దాని మీద ఆడే ఆటలకు బొమ్మలు కావాలి. హైదరాబాదులో ఒక కంపెనీ ఆ బొమ్మల పనిని బయటి ఊళ్లకు ఇస్తుంటే, కర్నూలులో విశ్వనాథం గారు అనే ఆయన పట్టుకున్నారు. వాళ్ల కుటుంబానికి స్టీలు సామాన్ల కొట్టు ఉంది. కొట్టు పైన ఉన్న అంతస్తులో కంప్యూటర్లు పెట్టించారు. పొద్దస్తమానం కింద గిన్నెల చప్పుడు, పైన మా పని.

"బొమ్మలు గీసేది వస్తాదా అమ్మా?" అని అడిగారు ఆయన.

"రాదండీ" అన్నాను.

"మౌసు పట్టుకునేది వస్తాది గదా. చాలు. శానా ఈజీ పని."

ఆ పనిలో నేను విన్న మొదటి అబద్ధం అదే. ఇవాళ్టికీ కోర్సులు అమ్ముకునేవాళ్లు ఇదే అబద్ధం చెబుతున్నారు. ఒకడు ఈజీ అంటాడు, ఇంకొకడు పుట్టుకతో రావాలంటాడు. రెండూ నేర్చుకునేవాణ్ణి మోసం చేసే మాటలే. మొదటిది విన్నవాడు నాలుగు రోజులకు రాకపోతే తనలోనే ఏదో లోపముందనుకుంటాడు. రెండోది విన్నవాడు అసలు మొదలే పెట్టడు.

నాకిచ్చిన మొదటి బొమ్మ ఒక కుండ. తెర మీది బొమ్మంతా చిన్న చిన్న గడులే, పిక్సెల్ అంటే ఆ గడే. పదహారు గడుల వెడల్పు, పదహారు గడుల ఎత్తు ఉన్న చదరంలో కుండ కనిపించాలి. నేను తెర నిండా పెద్ద కుండ గీశాను. మెడ దగ్గర నీడ వేశాను, పొట్ట మీద మెరుపు వేశాను. చూసుకుని మురిసిపోయి దాన్ని కుదించాను. అక్కడ మట్టి రంగు మరక ఒకటి మిగిలింది. మళ్లీ గీశాను, మళ్లీ మరకే. రంగులు సరిపోలేదేమోనని ఇంకా రంగులు పోశాను. మరక ఇంకా మురికిగా తయారైంది.

పక్క సీటులో జిలానీ భాయ్ ఉండేవాడు. అంతకు ముందు కర్నూలు పాతబస్తీలో ఎంబ్రాయిడరీ మిషనుకు కంప్యూటరు డిజైన్లు వేసేవాడు. నా అవస్థ చూసి చూసి ఒకరోజు తన కుర్చీ ఇటు జరిపాడు.

"మేడం, పెద్ద బొమ్మ గీసి దాన్ని నొక్కుతాండారు మీరు. అది యాడికి పోతాది పాపం? మొదట్నుంచే చిన్నగా గీయండి. రంగులు వద్దు. ఒక్క నలుపు చాలు."

ఒక్క నలుపుతో గడులు నింపుతూ పోయాను. నల్లటి ముద్దను చూడగానే కుండ అని తెలియాలి. అలా తెలియకపోతే ఎన్ని రంగులు పోసినా ఆ బొమ్మను కాపాడలేవు. ఇది మీరు రాసిపెట్టుకోండి. నేను ఎంతమందికి నేర్పినా మొదటి వారమంతా నలుపు తప్ప మరో రంగు ముట్టనిచ్చేదాన్ని కాదు. నన్ను తిట్టుకున్నవాళ్లు ఉన్నారు. తిట్టుకుంటూనే నేర్చుకున్నారు.

తర్వాతది గీత. ఈ పనిలో ఏటవాలు గీత అంటే మెట్లే. మూడు గడులు, మూడు గడులు, రెండు, రెండు, ఒకటి, ఇలా దిగితే కంటికి వంపు కనిపిస్తుంది. మూడు, ఒకటి, మూడు, రెండు అని ఇష్టం వచ్చినట్టు దిగితే పన్ను విరిగినట్టు కనిపిస్తుంది. ఆ తర్వాత వెలుగు. కొత్తవాళ్లు అందరూ బొమ్మ చుట్టూ ముదురు రంగు, నడుమ లేత రంగు వేస్తారు. కుండ వేసినా, చెట్టు వేసినా, మనిషిని వేసినా అన్నీ ఉబ్బిన దిండ్లలా తయారవుతాయి. మా గదిలో దానికి 'దిండు' అనే పేరు పెట్టాం. "మేడం, దిండు వేసినారు" అని జిలానీ అంటే నేను మారు మాట్లాడకుండా చెరిపేసేదాన్ని. వెలుగు ఏ వైపు నుంచి వస్తోందో ముందు తేల్చుకోవాలి, రెండో వైపు నీడను ధైర్యంగా ఒప్పుకోవాలి.

ఇక ముగ్గు సంగతి. విశ్వనాథం గారు కూడా ఎవరొచ్చినా "మన ముగ్గులాంటిదే సార్ ఇది" అనేవారు. కాదు. ముగ్గులో చుక్క కేవలం గుర్తు, గీత దాని చుట్టూ తిరుగుతుంది. మా పనిలో చుక్కే కన్ను, చుక్కే ముక్కు, చుక్కే కోడి గుడ్డు. ఒక గడి పక్కకు జరిగితే నవ్వే ముఖం ఏడుస్తుంది. రెండూ చుక్కలే కదా అనేవాళ్లు రెండిట్లో ఒక్కటీ చేసి ఎరగరు.

వెనక్కి జరిగే కుర్చీ

జిలానీ భాయ్ కుర్చీకి చక్రాలుండేవి. కొన్ని గడులు నింపగానే కాలితో తన్ని గోడదాకా వెనక్కి పోయేవాడు. అక్కడ కళ్లు సగం మూసి తెరవైపు చూసేవాడు. మళ్లీ ముందుకు వచ్చి ఒక గడి మార్చేవాడు. విశ్వనాథం గారికి అది చూస్తే చిరాకు. "ఏమప్పా, కుర్చీతో ఆడుకుంటాండావా?" అనేవారు.

అది ఆట కాదు. మేం గీసేటప్పుడు ఒక్కో గడి వేలిగోరంత కనిపించేలా తెరను పెద్దది చేసుకుంటాం. ఆడేవాడు మాత్రం దాన్ని అరచేతిలో ఆవగింజంత చూస్తాడు. గీసినవాడు ఆడేవాడి కంటితో చూడాలంటే దూరం జరగక తప్పదు. ఇంకో దారి ఉంది, అసలు ఫోనులోనే పెట్టి చూసుకోవడం. ఆఫీసులో అందుకోసమే ఒక ఫోను కొన్నారు కూడా. ఖరీదైనదని దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి విశ్వనాథం గారు జేబులో ఉంచుకునేవారు. అడిగితే, "పాడుచేస్తారమ్మా. నా రూములో పెద్ద తెర ఉండాది, ఆడ చూసుకోండి" అనేవారు. అరచేతిలో చూడాల్సిన బొమ్మను గోడంత తెర మీద చూసి తీర్పు చెప్పడం మా ఆఫీసు పద్ధతి. ఆ బీరువా తాళం గుర్తొస్తే నాకు ఇప్పటికీ పళ్లు నూరుకోవాలనిపిస్తుంది.

ఆయన చెడ్డవాడని నేను అనను. జీతం ఒక్కరోజు ఆలస్యం చేయలేదు. ఆడవాళ్లకు వేరే బాత్‌రూము అడగకుండానే కట్టించాడు. ఆయన నోట చెడ్డమాట ఎప్పుడూ వినలేదు. ఆయనకు ఉన్న జబ్బు ఒక్కటే, గడులు కనిపిస్తే సిగ్గు. చిన్నప్పటి నుంచి స్టీలు కొట్టులో పెరిగినవాడు. గిన్నెకు సొట్ట ఉంటే కొనేవాడు తీసుకోడు. బొమ్మ అంచున మెట్లు కనిపిస్తే ఆయన కంటికి అవి సొట్టలే. అవే మా పనితనం అని ఎన్నిసార్లు చెప్పినా తల ఊపేవాడు కానీ నమ్మలేదు.

దీవెన

బద్వేలు అవతల ఒక పల్లె నుంచి దీవెన అనే అమ్మాయి మా దగ్గరికి వచ్చింది. ఇంటరు అయ్యాక బద్వేలులో ఏదో కంప్యూటరు సెంటరులో కొంచెం నేర్చుకుంది. కర్నూలులో చర్చి దగ్గర వాళ్ల మేనత్త ఉంటే ఆ ఇంట్లో దిగింది. తండ్రి పేరు దావీదు. కూలికి పోతాడు, కొన్ని మేకలున్నాయి. ఆయనకు కూతురిని ఇంత దూరం పంపడం ఇష్టం లేదు. మేనత్త బతిమాలితే ఒక షరతు మీద ఒప్పుకున్నాడట. "పని వస్తే ఉండు. రాకుంటే అదే బస్సెక్కి వచ్చేయ్. రాని పనికి జీతం తీసుకోగాకు" అన్నాడని దీవెన మొదటి రోజే నాతో చెప్పింది. ఆ మాటను ఆమె చాలా గట్టిగా పట్టుకుని ఉంది. ఆమె ఇక్కడ ఉండాలన్నా, వెనక్కి పోవాలన్నా ఆ ఒక్కదాని మీదే.

నేనే నేర్పాను. మంచిగా నేర్పానని చెప్పను, నాకు ఓపిక తక్కువ. ఆమె కూడా దిండ్లు వేసింది, విరిగిన పన్ను గీతలు గీసింది. చెరిపేయమంటే చెరిపేది. ఏడ్చేది కాదు. కానీ చెరిపే ముందు ప్రతిసారీ "ఎందుకు మేడం?" అని అడిగేది. కారణం చెప్పేదాకా మౌసు కదిలేది కాదు. నాకు విసుగొచ్చేది. ఆ విసుగులోనే నేను ఎందుకు చేస్తున్నానో తెలియకుండా చేస్తున్న పనులు కొన్నిటికి కారణం వెతుక్కోవాల్సి వచ్చింది.

అప్పుడు ఒక ఆట వచ్చింది. రాళ్ల గుట్ట మీద మేక పరుగెత్తాలి, ముళ్లకంపల మీద నుంచి దూకాలి. గుట్టకు మన నేల ఎరుపు. మేకను ఆఫీసులో అందరం ప్రయత్నించాం. నాది కొమ్ములు మొలిచిన కుక్కలా వచ్చింది. జిలానీది గుర్రంపిల్లలా వచ్చింది. దీవెనకు ఇచ్చాను. మేకలు కాసిన పిల్ల కదా అనుకున్నాను. కానీ మేకలు కాసినంత మాత్రాన అది రాలేదు. మొదటి నాలుగు మేకలు ఆమెవి కూడా దిండ్లే. ఐదోది నలుపులో వేసింది, రంగు లేకుండా. తోక నిక్కి ఉంది, పొట్ట కిందికి వేలాడుతోంది, దూకే ముందు మెడ ముందుకు సాగింది. నల్ల ముద్ద మాత్రమే. అయినా మేకే.

రంగులు వేశాక చూస్తే ఎడమ చెవి కొసన ఒక గడి ఖాళీగా ఉంది.

"ఇది మర్చిపోయావు" అన్నాను.

"మర్చిపోలేదు మేడం. అది గాటు. మా ఊర్లో అందరి మేకలూ ఒకే కొండకు పోతాయి. కలిసిపోతే ఎవురివి ఎవురివో తెలియాల గదా. ఒక్కో ఇంటోళ్లు ఒక్కో తావు చెవి కోస్తారు. మాది ఎడమ చెవి కొస."

"ఈ ఆటలో ఉన్నదే ఒక్క మేక కదా దీవెనా. దేంతో కలుస్తుంది?"

"ఒక్కటైనా అది ఎవురిదో ఒకరిది గావాల గదా మేడం."

నవ్వొచ్చింది నాకు. ఆ గడిని నింపి చూశాను. చెవి పోయి కొమ్ములో కలిసిపోయింది. ఖాళీగా వదిలితే చెవి చెవిలా విడిగా కనిపిస్తోంది. జిలానీ తన కుర్చీ గోడదాకా జరుపుకుని చూసి, "వదిలేయండి మేడం, అదే కరెక్టు" అన్నాడు. వదిలేశాం.

మేకకు పట్టిన బూజు

విశ్వనాథం గారు దాన్ని తన గదిలో పెద్ద తెర మీద చూశారు.

"ఏమమ్మా, మేకంతా మెట్లు మెట్లుగా ఉండాదే? చెవి కూడా చిల్లు పడిండాది."

నేను చెప్పాను. చిన్న తెర మీద అవి మెట్లుగా కనిపించవని, చెవి కావాలనే అలా వదిలామని. కావాలంటే బీరువా తాళం తీసి ఫోనులో చూడమన్నాను. ఆయన తల ఊపారు. నేను ఒప్పుకున్నారనుకున్నాను.

మేం ఇళ్లకు పోయాక ఆయన ఆ బొమ్మలన్నిటినీ స్మూత్ చేశారు. ఒక బటను నొక్కితే అంచులు మెత్తబడతాయి. చెవిలో గడి తానే నింపారు. వాటిని హైదరాబాదు పంపారు.

అంచును స్మూత్ చేయడం అంటే ఏమవుతుందో కొత్తవాళ్లకు చెబుతాను. మేకది గోధుమ రంగు. గీసేటప్పుడు వెనకాల తెల్ల కాగితం ఉంటుంది. మెత్తగా చేయమంటే కంప్యూటరు గోధుమ రంగుకూ తెలుపుకూ నడుమ పాలిపోయిన రంగు గడులు అంచు పొడవునా పేరుస్తుంది. తెల్ల కాగితం మీద అది ముద్దుగానే ఉంటుంది. ఆ మేకను తీసి ఎర్రటి గుట్ట మీద పెడితే, గోడ మీద నుంచి పీకిన కాగితానికి సున్నం అంటుకొచ్చినట్టు ఆ పాలిపోయిన గడులన్నీ వెంట వస్తాయి. అంత చిన్న తెర మీద ఆ తెల్ల అంచే కనిపిస్తుంది, మేక కనిపించదు.

రెండు రోజులకు హైదరాబాదు నుంచి ఫోను వచ్చింది. విశ్వనాథం గారి గదికీ మా గదికీ నడుమ ఉన్నది సగం ఎత్తు చెక్క గోడ. అన్నీ వినబడతాయి. మేకకు బూజు పట్టిందేమిటని వాళ్లు అరుస్తున్నారు. ఆయన అన్నారు.

"కొత్త అమ్మాయి చేసింది సార్. పని రాదు. ఈ రోజే తీసేస్తాండా."

దీవెన తన తెరవైపు చూస్తూ ఉంది. దాని మీద ఆమె మేక శుభ్రంగా, ఏ బూజూ లేకుండా ఉంది.

ఆయన బయటికి వచ్చారు. "నీకు ఈ పని సరిపోదు లేమ్మా. మీ అత్తకు నేను ఫోన్ చేసి చెప్తా."

"నేను చేసింది అది కాదు సార్. ఇది" అని తెర చూపింది దీవెన.

"పోయింది అదే గదా" అన్నారు ఆయన.

నేను లేచాను. ఏం అన్నానో ప్రతి మాటా ఇక్కడ రాయలేను, కొన్ని రాయదగినవి కావు. చివరికి ఒక్కటే అడిగాను, బీరువా తాళంచెవి. ఇవ్వనన్నారు. అప్పుడు జిలానీ భాయ్ లేచి నిలబడ్డాడు. ఆయన ముందు ఎప్పుడూ నోరెత్తని మనిషి. "సార్, తాళం ఇయ్యండి" అన్నాడు. ఇచ్చారు.

ఫోనులో రెండు మేకలనూ ఎక్కించి, ఒకదాని తర్వాత ఒకటి ఎర్ర గుట్ట మీద పరిగెత్తించి చూపాను. స్మూత్ చేసింది ముందు, దీవెన గీసింది వెనక. ఆయన చాలాసేపు చూశారు. కుర్చీలో కూర్చున్నారు. "నిజమేనమ్మా" అన్నారు.

"అయితే ఇది పంపండి."

"ఇదే పంపుదాం."

"మరి అమ్మాయి?"

ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నారు. "మాట చెప్పేసినా గదమ్మా. ఇప్పుడు నేనే చెడగొట్టినానంటే ఇంగ మనకు పనిస్తారా? ఇంతమంది బతుకుతాండారు ఈడ. ఆ పిల్ల చిన్నది, ఇంకో తావు ఏదో ఒకటి దొరుకుతాది."

వెనక్కి తిరిగి చూస్తే దీవెన సీటు ఖాళీగా ఉంది. అప్పటికే మెట్లు దిగి వెళ్లిపోయింది. పని రాకపోతే అదే బస్సెక్కి రమ్మన్నాడు కదా వాళ్ల నాయన. పని రాదని యజమానే చెప్పాడు. అత్త ఇంటికి కూడా సరిగా పోయిందో లేదో, ఆ సాయంత్రమే బద్వేలు బస్సెక్కిందట.

దీవెన మేక హైదరాబాదు వెళ్లింది. చెవి గాటుతో సహా, ఒక్క గడి మార్చకుండా. వాళ్లకు తెగ నచ్చింది. విశ్వనాథం గారు స్వీటు తెప్పించి ఒక్కొక్కరి బల్ల మీద పెట్టించారు. పని రాదని తీసేసిన పిల్ల పనికి ఆ స్వీటు. నా వాటా అక్కడే వదిలేసి బ్యాగు తీసుకుని దిగి వచ్చేశాను. మళ్లీ ఆ మెట్లు ఎక్కలేదు.

పాపం ఆయనా ఏం చేస్తాడు అని నాతో చాలామంది అన్నారు. మా ఆయన కూడా అన్నాడు. ఆయన చెడ్డవాడైతే నాకు ఇంత కోపం ఉండేది కాదు. చెడ్డవాడు చేసిన పనికి మనం ముందే సిద్ధపడి ఉంటాం. నిజం కళ్లారా చూసి, నిజమేనని నోటితో ఒప్పుకుని, ఆ పిల్ల బొమ్మను ఉంచుకుని పిల్లను పంపేసినవాణ్ణి నేను ఎందుకు క్షమించాలి? ఆ ఆట తెర మీద ఇప్పటికీ ఆయన ఆఫీసు పేరే ఉంది.

ఈ వృత్తిలో గీసినవాళ్ల పేరు ఎక్కడా ఉండదని మీకు ఎవరూ చెప్పరు. నేను చెబుతున్నాను. బొమ్మ బాగుంటే అది కంపెనీది. బాగలేకపోతే అది మీది. మీరు గీసింది గీసినట్టుగా ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. ఆడేవాడు చూసే సైజులో చూడకుండా మీ పనిని ఎవరు తప్పుపట్టినా, పెద్దవాళ్లైనా సరే, ఒప్పుకోవద్దు. మర్యాద కోసం తల ఊపవద్దు. నాకు తల ఊపేవాళ్లను చూస్తేనే భయం.

తువ్వాలు కింద

మా ఊరు కడపకే తిరిగి వెళ్లి, అక్కడ ఒక గది అద్దెకు తీసుకుని రెండు కంప్యూటర్లు పెట్టుకోవాలని అనుకున్నాను. రెండో కంప్యూటరు ముందు ఎవరు కూర్చోవాలో నాకు తెలుసు. ఆ ఆట బయటికి వచ్చాక జిలానీ భాయ్ మా ఇంటికి వచ్చి, కేబులు పెట్టి దాన్ని నా ఫోన్లోకి ఎక్కించాడు. "ఆ పాపకు చూపించండి మేడం" అన్నాడు. తాను ఆ ఆఫీసులోనే ఉండిపోయాడు, ఇంటినిండా జనం అతనికి. ఆ సంగతి ఇద్దరమూ ఎత్తలేదు.

బద్వేలులో దిగి ఆటోలో పల్లెకు పోయాను. కంప కంచె, దాని వెనక మేకల దొడ్డి. దావీదు మేకలకు తుమ్మ కొమ్మలు నరికి వేస్తున్నాడు. దీవెన గోడవారగా కూర్చుని చేటలో వేరుశనక్కాయలు ఒలుస్తోంది. నన్ను చూసి లేవబోయి మళ్లీ కూర్చుంది.

నేనెవరో చెప్పాను. దావీదు మంచం వాల్చి నీళ్లు తెప్పించాడు.

"శానా దూరం వచ్చినారమ్మా. కానీ పాప రాదు" అన్నాడు. నేను అడగకముందే.

"పని బాగా వచ్చు ఆమెకు."

"మీరు మంచోళ్లు, ఆ మాటంటారు. పని రాదని ఆయప్ప ఫోన్ చేసి మా చెల్లెలికి చెప్పినాడు. ఊర్లో అందరికీ తెలిసిపాయ. రాని పనికి పోయి కూచ్చుంటే రేపు నా మొగం ఎవురికి చూపించేది?"

"ఏం జరిగిందో మీ అమ్మాయి చెప్పలేదా?"

"ఏం అడిగినా పలకదు."

నేను దీవెనను చూశాను. "బొమ్మ చూపీకుండా చెప్తే ఎట్ల నమ్మేది మేడం?" అంది తల ఎత్తకుండా. ఆ ఇంట్లో రంగుల ఫోను లేదు. పల్లెలో ఎవరి దగ్గరా ఉన్నట్టు లేదు.

ఫోను తీసి ఆట తెరిచి దావీదు చేతికి ఇచ్చాను. మొదటి తెర మీదే మేక గుట్ట ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. ఎండలో ఏమీ కనిపించలేదు. అటూ ఇటూ తిప్పాడు. తర్వాత భుజం మీది తువ్వాలు తీసి తల మీదుగా ఫోను మీదికి కప్పుకున్నాడు. అలా తువ్వాలు కింద చాలాసేపు ఉన్నాడు. దొడ్లో మేకలు కొమ్మలు కొరుకుతున్నాయి.

"పాపా" అన్నాడు లోపల నుంచే. "ఇది మన గాటు గదా."

"మనదే నాయనా."

"నువ్వే ఏసినావా?"

"ఊఁ."

తువ్వాలు తీశాడు. సంతోషపడతాడని అనుకున్నాను నేను. సంతోషం లేదు ముఖంలో. "మరి ఇదిప్పుడు ఎవురి దగ్గర ఉండాది?" అని నన్ను అడిగాడు.

జరిగిందంతా చెప్పాను. బూజు పట్టించిన మేక సంగతి, ఫోనులో ఆయన చెప్పిన మాట, ఆ తర్వాత దీవెన మేకనే పంపిన సంగతి. "పేరు ఆయనదే ఉంది. మేక ఆయన దగ్గరే ఉంది" అన్నాను. కడపలో నా పక్కన కూర్చుని మళ్లీ బొమ్మలు వేయడానికి దీవెనను పిలవడానికే వచ్చానని కూడా చెప్పాను.

దావీదు ఫోను నాకు తిరిగి ఇచ్చేశాడు. దవడలు బిగుసుకున్నాయి. ఆ ఆఫీసు మెట్లు దిగినప్పటి నుంచి నేను ఒక్కదాన్నే మోస్తున్న కోపం అక్కడ ఇంకొకరి ముఖంలో చూశాను. ఆయన కూతురివైపు తిరిగాడు.

"మన గాటుండే మేక ఇంకొకరి మందలో కనపడితే ఏం చేస్తాం పాపా?"

"పోయి తోలకొచ్చుకుంటాం."

"మరి ఈడ కూచ్చోని శెనక్కాయలు ఒలుస్తాండావేమి?"

దీవెన చేట పక్కన పెట్టి, ఒడిలోని పొట్టు దులుపుకుని లేచింది. బస్సుకు ఇంకా చాలా టైముందని నేను చెప్పినా వినిపించుకోకుండా బట్టలు సర్దుకోవడానికి లోపలికి పోయింది.